పర్లేదుకి నాలుగు మార్కులు

కృపమ్మ మెట్రో రైలు ఎక్కలేదు. ఎక్కడం మాట అటుంచండి, దాన్ని చూసింది కూడా టీవీలోనే. అయినా మనవాళ్లు లక్షల్లో ఉండే ఒక మహానగరంలో, పేరు ఇక్కడ అనవసరం, మెట్రో పనితీరు ఎలా ఉందో తేల్చే రిపోర్టు కింద ఆవిడ సంతకం కావలసి వచ్చింది. పెట్టమన్న చోట ఆవిడ పెట్టలేదు. దానికి కారణం ఒకే ఒక్క మాట. మీరూ నేనూ పొద్దున లేచింది మొదలు ఎన్నిసార్లు అంటామో మనకే తెలియని మాట. పర్లేదు.

రేపల్లెలో ఇప్పటికీ కొందరు అంటుంటారు, అరవయ్యేళ్ల మనిషికి ఎందుకొచ్చిన పంతం, హాయిగా సంతకం గీకి పారేస్తే పోయేదిగా అని. అనేవాళ్లకేం, ఎన్నైనా అంటారు. అసలు జరిగిందేంటో తెలుసుకుని అప్పుడు అనమనండి.

కృపమ్మది చెరుకుపల్లి దగ్గర పల్లె. తండ్రి దేవదానం గారు లూథరన్ మిషన్ బడిలో పంతులు. ఇరవై ఒకటో ఏట, అంటే ఎనభై అయిదులో, ఆవిడ బాపట్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, ఎదురుగా ఉన్న బోర్డు మీద తీగ తీసి ఈ రంధ్రంలోంచి ఆ రంధ్రంలోకి గుచ్చి, ఊళ్లని ఊళ్లతో కలిపే పని. తర్వాత ఆ బోర్డులు పోయాయి, కంప్యూటర్లు వచ్చాయి, ఆవిడ ఫిర్యాదులు వినే సీటుకి మారింది. ఏ సీటులో ఉన్నా పని మాత్రం వినడమే. ముప్ఫై అయిదేళ్లు విన్నాక, కాస్త ముందుగానే రిటైర్మెంటు తీసుకుని రేపల్లెలో సొంతింటికి చేరింది.

భర్త వరప్రసాదం అప్పటికే ఆర్టీసీ కండక్టరుగా రిటైరై వరండాలో పేపరు చదువుతున్నాడు. మొగుడూ పెళ్లాలు పొద్దస్తమానం ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఏడాది తిరక్కుండానే ఇద్దరికీ విసుగెత్తింది. అప్పుడు తెలిసింది ఆవిడకి, తెనాలిలో ఒక ఆఫీసులో వినడం వచ్చినవాళ్లు కావాలట అని. మర్నాడే పొద్దున పాసింజరు ఎక్కేసింది.

ఆ ఆఫీసు జీవన్ కుమార్‌ది. ముప్ఫై నాలుగేళ్లవాడు, స్టాటిస్టిక్స్ చదివాడు, నగరంలో ఆరేళ్లు ఉద్యోగం చేసి సొంతూరొచ్చి ఇది పెట్టాడు. స్టేషన్ నుంచి పది నిమిషాల నడకలో, ఒక బట్టల కొట్టు మీద మూడో అంతస్తు. నలభై నాలుగు మెట్లు, లిఫ్టు లేదు. నగరాల్లో కంపెనీలు జనాన్ని ప్రశ్నలడిగి ఆ జవాబుల రికార్డింగులు పంపిస్తాయి. ఇక్కడ పదకొండు మంది ఆడవాళ్లు అవి విని, తెలుగులో టైపు చేసి, ఒక్కో జవాబు పక్కన ఒక్కో నంబరు వేస్తారు. జవాబు నంబరైతే గానీ రిపోర్టులోకి ఎక్కదు.

కృపమ్మకి పని నచ్చింది. మెట్లే నచ్చలేదు. కుడి మోకాలు అప్పటికే అరిగిందని డాక్టరు చెప్పాడు. ఆవిడ రెయిలింగు పట్టుకుని, రెండో అంతస్తు దగ్గర ఫోను చూసుకుంటున్నట్టు కాసేపు నిలబడి, మళ్లీ ఎక్కేది. పైకి రాగానే జీవన్ కుమార్ రోజూ తప్పకుండా అడిగేవాడు, "మెట్లు ఇబ్బందిగా ఉన్నాయా ఆంటీ?" అని. రోజూ తప్పకుండా ఆవిడ అనేది, "పర్లేదు నాయనా."

అలా మూడేళ్లు గడిచాక మెట్రో పని వచ్చింది. ఒక మెట్రో ఎలా నడుస్తోందో కొలవడానికి చాలా పద్ధతులున్నాయి. బండి వేళకి వచ్చిందా, నెలలో ఎన్నిసార్లు ఆగింది, రోజుకి ఎంతమంది ఎక్కారు, ఇవన్నీ యంత్రాలే చెప్పేస్తాయి. ఎక్కిన మనిషికి ఎలా ఉంది అన్నది మాత్రం యంత్రం చెప్పలేదు, మనిషినే అడగాలి. అందుకని ఒక సర్వే కంపెనీ వాళ్లు స్టేషన్లలో నిలబడి పన్నెండు వందల అరవై మంది తెలుగువాళ్లని తలా ఇరవై ప్రశ్నలు అడిగి, రికార్డు చేసి, తెనాలికి పంపారు. దాంతోపాటు ఒక కోడ్ షీటు కూడా పంపారు, ఏ మాటకి ఎంత నంబరు వేయాలో. సూపర్, బ్రహ్మాండం అంటే అయిదు. బాగుంది అంటే నాలుగు. ఏదోలే, అంతంతమాత్రం అంటే మూడు. బాలేదంటే రెండు. ఘోరం, నరకం అంటే ఒకటి. బాగుంది పక్కనే, అదే వరసలో, పర్లేదు కూడా ఉంది. నాలుగు.

"మెట్రో మొహం చూడని మనిషివి, మెట్రోకి నువ్వు మార్కులేయడమేంటే?" అని వరప్రసాదం ఆ రాత్రి అన్నం దగ్గర ఆటపట్టించాడు.

"నేనెక్కడ వేస్తున్నానండి, ఎక్కినవాళ్లు వేస్తున్నారు. వాళ్ల మాట నేను మోసుకెళ్తున్నానంతే."

"బస్సెలా ఉందో సీట్లో కూర్చున్నవాణ్ని అడక్కూడదే. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ని అడగాలి. వాడే సరిగ్గా చెబుతాడు."

"వేలాడేవాడు కూడా పర్లేదనే అంటాడు మీతో," అంది కృపమ్మ, నవ్వుతూ. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని అప్పుడు ఆవిడ గమనించలేదు. పదకొండు రోజులపాటు షీటులో ఉన్నట్టే పర్లేదు వినపడినప్పుడల్లా నాలుగు వేసుకుంటూ పోయింది. ఇది దాచాల్సిన పని లేదు. ఆవిడ కూడా దాచదు.

పన్నెండో రోజున ఒక పెద్దావిడ గొంతు వచ్చింది. పేరు సీతారావమ్మ, రిటైరైన టీచరు, వయసు అరవై ఎనిమిది అని పైన రాసి ఉంది. భర్తని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి మెట్రోలోనే తీసుకెళ్తుందట. అడిగే అమ్మాయి మర్యాదస్తురాలు. వరసగా అడుగుతూ పద్నాలుగో ప్రశ్నకొచ్చింది. "స్టేషన్ పైకి ఎక్కడం, దిగడం మీకెలా ఉందండి?"

"పర్లేదమ్మా. లిఫ్టు ఒక్కటేగా, అది ఆగినప్పుడు మెట్ల మీద మధ్యలో ఓసారి కూర్చుంటాం. ఆయన కాస్త తేరుకున్నాక మళ్లీ లేచి ఎక్కుతాం. పర్లేదు."

"థాంక్స్ అండి. టికెట్ తీసుకోవడం ఎలా ఉందండి?"

కృపమ్మ వేలు నాలుగు అంకె నొక్కేసింది. నొక్కాక ఆగింది. రికార్డింగు వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. మూడోసారి కళ్లు మూసుకుని విన్నది. ప్రశ్నకీ పర్లేదుకీ మధ్య ఆ పెద్దావిడ ఒక ఊపిరి తీసుకుంది. పెద్ద ఊపిరేం కాదు. నీళ్ల బిందె ఎత్తుకోబోయే ముందు తీసుకునేంత. కంప్యూటరు దాన్ని వినదు, కోడ్ షీటులో దానికి గడి లేదు. కృపమ్మ చెవికి మాత్రం అది ముప్ఫై ఏడేళ్లుగా తెలుసు.

ఎనభై ఏడులో బాపట్ల ఎక్స్ఛేంజి పక్కగదిలోనే జనం ఫోన్లు చేసుకునే కౌంటరు ఉండేది. మధ్యలో చిన్న కిటికీ. ఒక రోజు పొద్దున యలమంద అనే ఆయన వచ్చి గుంటూరు పెద్దాసుపత్రికి కాల్ రాయించుకున్నాడు. సూర్యలంక దారిలో పొలం పనులు చేసుకునే మనిషి. భార్యని అక్కడ చేర్చారు, బావమరిది దగ్గరున్నాడు. ఎలా ఉందో కనుక్కుని, బాగోలేదంటే సాయంత్రం బండికి వెళ్లాలని ఆయన ఆలోచన. ఆ రోజు గుంటూరు లైన్లు దొరకలేదు. మూడు గంటలకి ఒకే ఒక్కటి దొరికింది. వరసలో ముందున్నది యలమందే. వెనక నిలబడ్డ ఒక రైసు మిల్లు యజమాని అర్జెంటు పని అని కిటికీ దగ్గర ఒకటే తొందర. ఇరవై మూడేళ్ల కృపమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది, "బాబాయ్, ఇంకో పది నిమిషాలు ఆగుతారా?"

ఆయన ఒక ఊపిరి తీసుకుని, "పర్లేదమ్మా," అన్నాడు.

లైను మిల్లు యజమానికి ఇచ్చింది. ఆయన మాట్లాడి పెట్టేసరికి గుంటూరు లైను పడిపోయింది. సాయంత్రందాకా మళ్లీ రాలేదు. యలమంద అయిదింటిదాకా గోడవార కూర్చుని, లేచి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున బండికి గుంటూరు చేరేసరికి భార్య పోయి రెండు గంటలైంది. ముందురోజు సాయంత్రమే బయల్దేరి ఉంటే చూసుకునేవాడు. పదిహేను రోజుల తర్వాత ఎవరికో ఫోను చేయడానికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాడు. కృపమ్మ కిటికీ దగ్గరే ఏడ్చేసింది. నాదే తప్పు బాబాయ్, నేనే ఆపేశాను అంది. ఆయన ఆవిడ వంక చూసి అన్నాడు, "పర్లేదమ్మా."

ఆ మాట ఆవిడని ఎంత కోసిందో, తిట్టి ఉంటే అంత కోసేది కాదు. ఆ రోజు నుంచి కృపమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరైనా పర్లేదంటే ఊరుకోదు. "పర్లేదంటే ఆగగలరా, ఆగలేరా?" అని మళ్లీ అడుగుతుంది. అడిగినవాళ్లలో సగంమంది, "ఆగలేనండి," అనేవారు, సిగ్గుపడుతూ. తోటి ఆపరేటర్లు ఆవిడకి రెండో ప్రశ్న కృపమ్మ అని పేరు పెట్టారు. వెటకారానికి పెట్టినా ఆవిడకి ఆ పేరు మీద చాలా గర్వం.

అలాంటి మనిషి పదకొండు రోజులు రెండో ప్రశ్న మరిచిపోయి నాలుగులు వేసుకుంటూ పోయింది. తన మీద తనకే ఒళ్లు మండింది. హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి తిన్నగా జీవన్ కుమార్ గదిలోకి వెళ్లింది.

"నాయనా, పర్లేదుకి నాలుగు వేయమన్నదెవరు?"

"కంపెనీ వాళ్లు ఆంటీ. కోడ్ షీటు వాళ్లదేగా."

"వాళ్లకి తెలుగొచ్చా?"

"వచ్చులెండి. ఏంటి సమస్య?"

చెప్పింది. అతను ఓపిగ్గా విన్నాడు, మంచివాడే. విని కంప్యూటరు తిప్పి చూపించాడు. పద్నాలుగో ప్రశ్నకి పర్లేదన్నవాళ్లు నాలుగు వందల ముప్ఫై ఒక్కమంది. వాళ్లని నాలుగుగా లెక్కేస్తే సగటు మూడూ పాయింట్ ఆరు. తీసేస్తే మూడూ పాయింట్ నాలుగు. సగటు మూడున్నర దాటిన ప్రశ్నని సమస్య లేదు అన్న జాబితాలో వేసి మూసేస్తారు. దాటకపోతే రిపేరు జాబితాలోకి వెళ్తుంది. ఆ జాబితాలో పెద్ద స్టేషన్లకి రెండో లిఫ్టు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది.

"అయితే సీతారావమ్మ గారి మొగుడు మెట్ల మీద కూర్చోవాలో వద్దో ఈ ఒక్క మాట తేలుస్తుందన్నమాట," అంది కృపమ్మ.

"అంత సూటిగా కాదనుకోండి ఆంటీ..."

"ఎంత వంకరగా చెప్పినా అంతేగా?"

జీవన్ కుమార్ కంప్యూటరు మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు. ఇంకో చిక్కు ఉంది. రిపోర్టులో వేసిన నంబర్లు తెలుగు వాడుకకి తగ్గట్టే ఉన్నాయని అనుభవమున్న ఒక మనిషి సంతకం చేయాలి. ఆ మనిషిగా అతను ఎప్పుడో కృపమ్మ పేరే ఇచ్చాడు. ముప్ఫై అయిదేళ్ల టెలిఫోన్ అనుభవం అని ఘనంగా రాసి మరీ పంపాడు.

"సంతకం నాదైతే మళ్లీ అడగనివ్వు," అంది ఆవిడ. "నాలుగు వందల మందినీ అక్కర్లేదు, అరవై మందిని. అవసరమైతే ఫోను చేయొచ్చని వాళ్లే ఒప్పుకున్నారుగా ఫారంలో."

అతను తల గోక్కున్నాడు, తర్వాత సరేనన్నాడు. కృపమ్మ మూడు రోజులు ఫోన్లు చేసింది. పక్క సీట్లో కరుణశ్రీ, చెరుకుపల్లి నుంచి వచ్చే నలభై ఏళ్ల ఆవిడ, రాసిపెట్టింది. అరవై మందిలో యాభై రెండు మంది దొరికారు. అందరికీ ఒకటే ప్రశ్న. "ఎక్కడం దిగడం పర్లేదన్నారు కదండి. పర్లేదంటే ఇలాగే ఉన్నా సరిపోతుందా, మారాలా?" ఏడుగురు నిజంగానే బాగుందన్నారు. ఒకతను, "నేను మెట్లు పరిగెత్తి ఎక్కుతానండి, నాకు లిఫ్టుతో పనేంటి?" అన్నాడు. వాళ్లకి నాలుగు వేయించింది, అందులో మొహమాటం లేదు. ఇద్దరు విసుక్కుని పెట్టేశారు. మిగతా నలభై మూడు మంది మారాలండి అన్నారు. కొందరు ఫోను పెట్టమన్నా పెట్టలేదు, అంత కడుపులో దాచుకున్నారు.

సీతారావమ్మ గారికి కూడా చేసింది. మీదెక్కడమ్మా అని అడిగి, రేపల్లె అని వినగానే ఆవిడ, "మా వారిది బాపట్లేనమ్మా," అని మురిసిపోయింది. ఆ తర్వాత చెప్పుకుంది. ఆయన బరువంతా తన భుజం మీదేనట. మొన్న మెట్ల మీద కూర్చుంటే ఎవరో ముష్టివాళ్లనుకుని నాణెం వేయబోయారట. ఆ మాట చెబుతూ నవ్వబోయి నవ్వలేకపోయింది.

"మరి ఆ రోజు పర్లేదన్నారేంటండి?"

"ఆ పిల్ల పాపం ఎండలో నిలబడి అడుగుతోందమ్మా. నోరారా ఆంటీ అని పిలిచింది. దాని మొహం మీద బాలేదని ఎలా అనేది? అంటే దాన్నే అన్నట్టుంటుంది కదా."

కృపమ్మకి కోపం వచ్చింది. కోపం సీతారావమ్మ మీద కాదు. మన మనుషుల మంచితనాన్ని పట్టుకుని తృప్తి అని రాసుకుంటున్న ఆ షీటు మీద. అడిగినవాళ్లు నొచ్చుకుంటారని మనం ఒక మాట అంటాం. దాన్ని తీసుకెళ్లి మనకే నష్టం వచ్చే గడిలో వేస్తారు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

అరవై ఫోన్ల సంగతి జీవన్ కుమార్ కంపెనీకి పంపాడు. వారం తర్వాత అక్కణ్ణుంచి భరద్వాజ అనే ఆఫీసరు స్వయంగా కారులో వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి, నెమ్మదస్తుడు. మూడో అంతస్తు ఎక్కి గుమ్మం దగ్గర నిలబడేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది, ఆయాసంతో మాట రావడం లేదు.

"మెట్లు కాస్త ఎక్కువ సార్, ఇబ్బంది పడ్డారు," అన్నాడు జీవన్ కుమార్ కుర్చీ జరుపుతూ.

"పర్లేదండి, పర్లేదు," అన్నాడు భరద్వాజ కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ.

"నాలుగు," అంది కరుణశ్రీ తన సీట్లోంచి, మెల్లగా. గదిలో ఆడవాళ్లందరూ కంప్యూటర్ల వెనక్కి తలలు దించేసుకున్నారు. భరద్వాజకి ఎందుకు నవ్వుతున్నారో అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఆయనా నవ్వాడు గానీ, సంచీలోంచి కాగితం మాత్రం తీశాడు.

"అమ్మా, మీరు చెప్పింది నేను కాదనను," అన్నాడు. "కానీ ఈ సర్వే మూడేళ్లుగా జరుగుతోంది. మూడేళ్లూ పర్లేదుకి నాలుగే వేశాం. ఇప్పుడు మారిస్తే పోయినేటితో పోల్చడం కుదరదు. పనితీరు పెరిగిందో తగ్గిందో ఎలా తెలుస్తుంది?"

"మూడేళ్లు తప్పు కొలిచాం కాబట్టి నాలుగో ఏడు కూడా తప్పే కొలుద్దామంటారా?"

"తప్పు అని కాదు. ఒకే కొలత ఉండాలి కదా."

"కొలత ఒకటే ఉండాలి సార్, ఒప్పుకుంటాను. అది సరైన కొలతై ఉండాలి. నేను ముప్ఫై అయిదేళ్లు జనం మాట విన్నాను. పర్లేదు అన్నది జవాబు కాదు. నన్ను ఇంకోసారి అడగండి అని అర్థం. అడిగితే చెబుతారు. అడక్కపోతే లేచి వెళ్లిపోతారు."

భరద్వాజ కాగితం ఆవిడ ముందుకి జరిపాడు. దాని మీద ఒకే వాక్యం ఉంది. ఈ నివేదికలోని సంకేతాలు తెలుగు వాడుకకు అనుగుణంగా ఉన్నవని ధ్రువీకరించడమైనది. కింద ఆవిడ పేరు, చుక్కల గీత.

"ఇది మీ మీద పెట్టిన బరువు కాదమ్మా, పద్ధతి కోసం. మీరు కాదంటే ఈ పని ఇంకో ఊరికి వెళ్తుంది. వచ్చే ఏటి పని కూడా." ఈసారి జీవన్ కుమార్ వంక చూసి అన్నాడు.

కృపమ్మ కూడా జీవన్ కుమార్ వంకే చూసింది. అతను తల దించుకుని గోరు గిల్లుకుంటున్నాడు. పెట్టమని అనలేదు, వద్దనీ అనలేదు. వెనక పదిమంది ఆడవాళ్లు టైపు చేయడం ఆపేశారు. అది ఆవిడకి అన్నిటికన్నా కష్టమైన నిమిషం. తన ఒక్కదాని సంగతైతే ఎప్పుడో లేచి మెట్లు దిగిపోయేది. వీళ్లందరి పని తన పెన్ను మీద ఆధారపడి ఉంది. కిటికీ అవతల గోడవార అయిదింటిదాకా కూర్చున్న యలమంద కళ్లముందు కదిలాడు. ఆ రోజు కూడా వెనక నిలబడ్డవాడి తొందర చూసే, ముందున్నవాణ్ని ఆపింది.

పెన్ను తీసుకుంది. అచ్చువేసిన వాక్యాన్ని కొట్టేయలేదు. దాని చివర "ఒక్క మాట తప్ప" అని చేర్చింది. దాని కింద, తండ్రి నేర్పిన గుండ్రటి అక్షరాల్లో, ఇలా రాసింది. పర్లేదు అన్న మాటకి నంబరు లేదు. అడిగినవాళ్ల మీద దయతో అన్న మాట అది. యాభై రెండు మందిని నేను మళ్లీ అడిగాను. నలభై మూడు మంది మారాలన్నారు. మిగతా వాళ్లనీ మళ్లీ అడగాలి. దాని కింద సంతకం పెట్టింది, తేదీ వేసింది. చుక్కల గీత ఖాళీగా ఉండిపోయింది.

"ఇది నేను వాడుకోలేనమ్మా," అన్నాడు భరద్వాజ.

"వాడుకోకండి. నా పేరు కూడా వాడుకోకండి. నా పేరు కావాలంటే మాత్రం ఇదీ ఉండాలి."

ఆయన కాగితాన్ని ఇంకోసారి చదివాడు. చింపలేదు. మడిచి ఫైల్లో పెట్టుకుని, అందరికీ నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

జీవన్ కుమార్ అప్పుడు తలెత్తాడు. "కాస్త ఆలోచించాల్సింది ఆంటీ," అన్నాడు, అంతే. కోప్పడలేదు. అతను కోప్పడకపోవడం ఆవిడని సాయంత్రం బండి వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లె చేరేదాకా బాధపెట్టింది. ఇంట్లో వరప్రసాదం అంతా విన్నాడు. "టికెట్టు కొట్టేశాక బస్సు దిగిపోయిన మొదటి పాసింజరువి నువ్వే," అన్నాడు. అది మెచ్చుకోలో వెటకారమో ఆయనకే తెలియాలి. ఆవిడ పళ్లెంలో ఇంకో ముక్క కూర మాత్రం తనే వేశాడు.

పది రోజుల తర్వాత, పొద్దున తొమ్మిదింటికి, కృపమ్మ రేపల్లె ప్లాట్‌ఫారం మీద బండి కోసం నిలబడి ఉండగా జీవన్ కుమార్ ఫోను చేశాడు. గొంతు వినగానే ఆవిడకి తెలిసిపోయింది. అతను చెప్పడానికి కష్టపడుతున్నాడు.

"ఆంటీ, రిపోర్టు వెళ్లిపోయిందట. భరద్వాజ గారు మీ కాగితం కూడా జతచేసి పంపారట. పైవాళ్లు తీసేయమన్నా తీయలేదట. పద్నాలుగో ప్రశ్నని మూసేయలేదు, తేలలేదు అని రాశారట."

"అయితే లిఫ్టు వస్తుందా?"

"అది ఇంకా తెలీదు. మళ్లీ అడిగిస్తామన్నారట."

కృపమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ అడిగిస్తారు. ఆవిడకి కావలసింది అదే.

"ఇంకో విషయం ఆంటీ," అన్నాడు జీవన్ కుమార్. "పని మన దగ్గరే ఉంచుతారట. కాకపోతే... పనిచేసేవాళ్ల జాబితాలో మీ పేరు ఉండకూడదన్నారు. మీరు లేకుండా అయితేనే అట. నేను చాలా చెప్పి చూశాను. మిగతా పదిమంది ఉన్నారు కదా ఆంటీ, నాకు ఇంకో దారి..." ఆగిపోయాడు. అప్పుడు అడిగాడు. "మీకేం ఇబ్బంది లేదు కదా?"

పల్లికోన వైపు నుంచి బండి కూత వినపడింది. కృపమ్మ ఒక ఊపిరి తీసుకుంది.

"పర్లేదు నాయనా," అంది.

అనేశాక గానీ తెలియలేదు, ఏమందో. ఫోనులో అవతలివైపు చప్పుడు లేదు. పెట్టేశాడేమో అనుకుంది. పెట్టలేదు.

"ఆంటీ," అన్నాడు జీవన్ కుమార్, మెల్లగా. "పర్లేదంటే ఉండగలరా, ఉండలేరా?"

బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. కృపమ్మ ఎక్కలేదు. సీజన్ టికెట్టు చేతిలో పట్టుకుని, నిటారుగా నిలబడి, ఇన్నేళ్లూ ఇంకొకళ్ల చేత చెప్పించిన మాట ఇప్పుడు తను చెప్పింది.

"ఉండలేను. ఇబ్బందే నాయనా. పని పోవడం ఇబ్బందే. ఇంట్లో కూర్చోవడం ఇబ్బందే. నేను తప్పు చేయలేదు, పేరు తీసేయడం అన్యాయం. వాళ్లకి ఆ మాట చెప్పు, నా మాటగా చెప్పు. ఇంకోటి కూడా విను. మీ మెట్లు ఎక్కలేక మూడేళ్లు చచ్చాను. నువ్వు రోజూ అడిగావు, నేను రోజూ పర్లేదన్నాను. అది నాలుగు కాదు. కరుణశ్రీకి కూడా నడుము నొప్పే, అది నీకు చెప్పదు. కింద గది చూడు."

అవతల పెన్ను మూత తీసిన చప్పుడైంది. కృపమ్మ చెవి పొరబడదు.

"రాసుకుంటున్నాను ఆంటీ," అన్నాడు జీవన్ కుమార్. "ఎంత వేయమంటారు?"

"ఒకటి," అంది కృపమ్మ. "మర్యాదకని రెండు వేసేవు. ఒకటే వేయి."